పని నేర్పే పెద్దలు, పనివారి ఆరోగ్యం

రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో చెప్పే పరీక్ష ఉంది. కొవ్వు ఎంత ఉన్నదో చెప్పే పరీక్ష కూడా ఉంది. కానీ ఒక మనిషి ఎటువంటి పెద్ద దగ్గర పని చేస్తున్నాడో చెప్పే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. అధిక రక్తపోటు, గుండెజబ్బు, నిద్రలేమి, తగ్గని కడుపుమంట వంటి బాధల వెనుక ఈ విషయం కూడా దాగి ఉంటుందని నాలుగు దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆహారం, నడక, మందుల గురించి మనం తరచుగా మాట్లాడుకుంటున్నాము. ఈసారి పని నేర్పే పద్ధతి గురించి మాట్లాడుకుందాము.

నా వైద్యవృత్తిలో ఎక్కువ కాలం జూబ్లీహిల్స్ పరిసరాలలోనే గడిచింది. ఆ కొండ పైభాగాన పెద్ద భవంతులు, ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్, స్టూడియోలు, దర్శకుల ఆఫీసులు ఉంటాయి. కిందికి దిగితే యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్. లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, సహాయ దర్శకులు, మేకప్, కాస్ట్యూమ్ సహాయకులు ఆ ఇరుకు గదులలో ఉంటారు. తెల్లవారకముందే రోడ్డు మీదికి వచ్చి యూనిట్ వాహనం కోసం ఎదురుచూస్తారు. పైనున్నవారూ కిందనున్నవారూ రోగులుగా నా దగ్గరకు వచ్చారు. వెండితెర మీద పేరు పడేవారి ఆరోగ్యం గురించి పత్రికలు రాస్తాయి. పేరు పడనివారి ఆరోగ్యం గురించి రాసేవారు తక్కువ.

మా చేతుల్లో ఉండదు సార్

ఒకసారి ఇరవై ఏడేళ్ల సహాయ దర్శకుడు ఛాతీలో నొప్పి అంటూ వచ్చాడు. ఈసీజీ బాగుంది. రక్తపరీక్షలూ బాగున్నాయి. రక్తపోటు మాత్రం ఆ వయసుకు ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంది.

"ఎన్నింటికి పడుకుంటావు నాయనా?" అని అడిగాను.

"ప్యాకప్ అయ్యాక సార్."

"ప్యాకప్ ఎన్నింటికి?"

"అది మా చేతుల్లో ఉండదు సార్."

కొన్ని నెలల తరువాత అతడే ఏదో చర్మవ్యాధికి చూపించుకోవడానికి వచ్చాడు. అలవాటుగా రక్తపోటు చూశాను. తగ్గి ఉంది. పని తగ్గిందా అని అడిగితే తగ్గలేదన్నాడు. వేరే దర్శకుడి దగ్గర చేరాడట. "ఇక్కడ తప్పు చేస్తే పక్కకు పిలిచి చెబుతారు సార్. మైకులో తిట్టరు. రేపు ఏ సీను తీస్తారో ఈ రాత్రే తెలుస్తుంది" అన్నాడు.

ఒక్క రోగి అనుభవం శాస్త్రం కాదు. రక్తపోటు తగ్గడానికి వేరే కారణాలు కూడా ఉండి ఉండవచ్చు. అయితే ఆ యువకుడు చెప్పిన రెండు విషయాలు, తన పని మీద తనకు పట్టు లేకపోవడం, పై మనిషి నడుచుకునే తీరు, వృత్తి ఆరోగ్యశాస్త్రంలో ఎంతో లోతుగా పరిశీలించిన విషయాలే.

పరిశోధనలు చెప్పినది

1979లో రాబర్ట్ కరసెక్ అనే పరిశోధకుడు ఒక సూత్రం ప్రతిపాదించాడు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదు. ఒత్తిడి ఎక్కువై, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించే అధికారం తక్కువైనప్పుడు హాని పెరుగుతుంది. దర్శకుడికీ ఒత్తిడి ఉంటుంది, క్లాప్ కొట్టే కుర్రవాడికీ ఉంటుంది. ప్యాకప్ చెప్పే అధికారం మాత్రం ఒకరికే ఉంటుంది.

బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో ప్రారంభమైన వైట్‌హాల్ అధ్యయనం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచింది. అందరూ కార్యాలయ ఉద్యోగులే, ఎవరూ కటిక పేదలు కారు. అయినా అట్టడుగు శ్రేణి పురుషులలో గుండెజబ్బు మరణాలు పైశ్రేణివారి కంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. పొగతాగడం, రక్తపోటు, కొవ్వు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో ఎక్కువ భాగం మిగిలిపోయింది. 1985లో పదివేలకు పైగా ఉద్యోగులతో మొదలైన రెండవ వైట్‌హాల్ అధ్యయనంలో మైఖేల్ మార్మట్ బృందం ఆ మిగిలిన తేడాకు ఒక ముఖ్య కారణం చూపింది. అది పని మీద పట్టు లేకపోవడమే.

ఇక పై మనిషి సంగతి. స్టాక్‌హోమ్ ప్రాంతంలో 3,122 మంది పురుష ఉద్యోగులను దాదాపు పదేళ్ల పాటు గమనించి 2009లో ప్రచురించిన స్వీడన్ అధ్యయనం ఒకటి ఉంది. మీ పైఅధికారి మీకు కావలసిన సమాచారం ఇస్తాడా, మీ నుంచి ఏమి ఆశిస్తున్నాడో స్పష్టంగా చెబుతాడా, మిమ్మల్ని మనిషిగా పట్టించుకుంటాడా వంటి ప్రశ్నలు ముందుగా అడిగారు. తరువాత ఎవరికి గుండెజబ్బు వచ్చిందో చూశారు. మంచి మార్కులు పొందిన అధికారుల కింద పనిచేసినవారిలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఒకేచోట ఎక్కువ ఏళ్లు పనిచేసినవారిలో ఆ సంబంధం మరింత బలంగా ఉంది. ఇటువంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయే గాని కారణాన్ని పూర్తిగా నిరూపించవు. అయినా శరీరధర్మం తెలిసినవారికి ఇది వింతగా తోచదు. భయపడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. గుండె వేగం, రక్తపోటు, చక్కెర పెరుగుతాయి. పులి ఎదురైతే ఇది ప్రాణరక్షణ. ఆ పులి రోజూ ఉదయం ఆరింటికి సెట్‌కు వస్తూ ఉంటే శరీరానికి విశ్రాంతి ఎక్కడిది?

మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న కోచింగ్

తెలుగునాట కోచింగ్ అనగానే ప్రవేశపరీక్షల కేంద్రాలే గుర్తుకు వస్తాయి. ఉద్యోగ ప్రపంచంలో ఆ మాటకు అర్థం వేరు. అనుభవం గల ఒకరు మరొకరితో విడిగా కూర్చుని, అతడి పనిని గమనించి, ప్రశ్నలు అడిగి, అతడి లోపాన్ని అతడే గుర్తించి సరిదిద్దుకునేలా సాయపడటాన్ని కోచింగ్ అంటారు. పెద్ద కంపెనీలు దీనికి బాగా ఖర్చు పెడుతున్నాయి. అది నిజంగా పనిచేస్తుందా? 2016లో ముగ్గురు బ్రిటన్ పరిశోధకులు అంతవరకు వచ్చిన 17 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. ఇటువంటి కోచింగ్ వల్ల నైపుణ్యమూ, పని ఫలితాలూ, పని పట్ల మనోభావమూ మెరుగుపడ్డాయని తేల్చారు. అందులో మనకు బాగా పనికివచ్చే విషయం ఒకటి ఉంది. బయటి నుంచి పిలిపించిన నిపుణుల కంటే అదే సంస్థలోని వారు కోచ్‌లుగా ఉన్నప్పుడు ఫలితం ఎక్కువగా కనిపించింది.

ఇది చదివినప్పుడు నాకు ఫిల్మ్‌నగర్ గుర్తుకు వచ్చింది. తెలుగు సినిమా దాదాపు మొత్తం ఈ పద్ధతిలోనే పని నేర్చుకున్నది. మద్రాసులో వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగంలో పనిచేసిన కె. విశ్వనాథ్, ఆదుర్తి సుబ్బారావు వద్ద సహాయకుడిగా ఉండి, 'ఆత్మగౌరవం' చిత్రంతో దర్శకుడయ్యారు. దాసరి నారాయణరావు శిష్యులలో కోడి రామకృష్ణ ఒకరు. కె. రాఘవేంద్రరావు పర్యవేక్షణలో 'శాంతినివాసం' ధారావాహికకు పనిచేసిన రాజమౌళి 2001లో 'స్టూడెంట్ నెం.1'తో చిత్రదర్శకుడయ్యారు. 'శివ'తో పేరు తెచ్చుకున్న రామ్‌గోపాల్ వర్మ దగ్గర పనిచేసి వచ్చినవారే కృష్ణవంశీ, పూరి జగన్నాథ్. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమై చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదులో స్థిరపడినా, అక్కినేని కుటుంబం 2011లో చలనచిత్ర కళాశాల నెలకొల్పినా, పని నేర్చుకోవడానికి నేటికీ ముఖ్యమైన దారి ఒక పెద్ద దగ్గర చేరడమే. దర్శకుల సంగతి అందరికీ తెలుసు. లైట్‌మన్, కార్పెంటర్, ఫైటర్, డాన్సర్ కూడా అలాగే నేర్చుకుంటారు. వారి గురువుల పేర్లు మనకు తెలియవు, అంతే.

దీని వెనుక ఆర్థిక కారణం కూడా ఉంది. ఒక కర్మాగారం తన కార్మికుడికి పని నేర్పితే ఆ లాభం ఏళ్ల తరబడి పొందుతుంది. సినిమా యూనిట్ కొన్ని నెలలకు ఏర్పడి, షూటింగ్ ముగియగానే చెదిరిపోతుంది. రేపు మరొకరి సినిమాకు పోయే మనిషికి ఈ రోజు నేను ఎందుకు శిక్షణ ఇప్పించాలి అని నిర్మాత అనుకోవడం సహజం. అందువల్ల నేర్పే బరువంతా పక్కనున్న సీనియర్ మీద పడుతుంది. ఆ సీనియర్‌కు పని వచ్చు. పని ఎలా నేర్పాలో మాత్రం అతడికి ఎవరూ నేర్పలేదు. తనను ఎలా తిట్టి నేర్పారో అతడు కూడా అలాగే తిట్టి నేర్పుతాడు. "మేమూ ఇలాగే పైకొచ్చాం" అనే మాట మన సెట్లలోనే కాదు, మా ఆసుపత్రులలోనూ తరతరాలుగా వినిపిస్తున్నది.

ఆపరేషన్ థియేటరులో నేర్చుకున్న పాఠం

శస్త్రచికిత్స గదికీ షూటింగ్ సెట్‌కూ పోలికలు చాలా ఉన్నాయి. పెద్ద దీపాలు, గడియారంతో పరుగు, ఒక్కరి మాటే వేదం. మా విద్యార్థి దశలో సర్జను కత్తెర విసిరికొడితే అది ఆయన గొప్పతనానికి గుర్తుగా చెప్పుకునేవాళ్లం. జూనియర్‌కు ఏదైనా తేడా కనిపించినా నోరు మెదిపేవాడు కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మౌనం మీద దృష్టి పెట్టింది. శస్త్రచికిత్సకు ముందు, తరువాత చదవవలసిన చిన్న పట్టికను తయారుచేసి, న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో పరీక్షించారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆ పట్టికలో ఒక అంశం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. కోత పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని ఏమిటో చెప్పాలి. ఒకసారి అందరి ముందు నోరు తెరిచి పేరు చెప్పిన నర్సు, ప్రమాదం కనిపించినప్పుడు మళ్లీ నోరు తెరవడానికి అంతగా జంకదు.

అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి నర్సింగ్ బృందాలను పరిశీలించినప్పుడు మరొక సంగతి బయటపడింది. మంచి నాయకత్వం ఉన్న బృందాలలో మందుల పొరపాట్లు తక్కువగా నమోదవుతాయని ఆమె అనుకున్నారు. లెక్కల్లో ఎక్కువగా కనిపించాయి. కారణం వెతికితే, ఆ బృందాలవారు పొరపాట్లను దాచకుండా చెప్పుకుంటున్నారని తేలింది. భయం ఉన్న చోట తప్పులు తగ్గవు, తప్పుల గురించిన మాటలు తగ్గుతాయి.

దీనిని సెట్‌కు అన్వయించి చూడండి. స్టూడియో ఫ్లోరులో పైన కట్టిన చెక్కల మీద నిలబడి బరువైన లైట్లు తిప్పే మనిషికి కాలి కింది చెక్క కదులుతున్నదని అందరికంటే ముందు తెలుస్తుంది. నీటి దగ్గర కేబుల్ పడి ఉన్నదని అందరికంటే ముందు చూసేది చిన్న ఉద్యోగి. మే నెల ఎండలో జూనియర్ ఆర్టిస్టు ముఖం తెల్లబోతున్నదని ముందు గమనించేది మేకప్ సహాయకురాలు. షాటు మధ్యలో ఆపమని చెప్పే ధైర్యం వారికి ఉన్నదా లేదా అన్నదాని మీద ఒక ప్రాణం ఆధారపడవచ్చు. ఆ ధైర్యం పుట్టుకతో రాదు. ఇంతకుముందు ఆపమన్నవాడికి ఏమి జరిగిందో చూసి మిగిలినవారు నేర్చుకుంటారు.

నిద్ర లేని చోట ఏ పాఠమూ నిలవదు

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక కూడా చేయాలి. మంచి మాట, మంచి నాయకత్వం, కోచింగ్ ఇవేవీ నిద్రకు ప్రత్యామ్నాయం కావు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం చూపింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం మాత్రమే. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచిన లైట్‌మన్‌కు రాత్రి తొమ్మిదిన్నరకు 17 గంటలు నిండుతాయి. ఆ తరువాత అతడు బైకు ఎక్కి ఇంటికి పోవాలి. చుక్క తాగకపోయినా అతడి మెదడు తాగినవాడి మెదడు లాగానే పనిచేస్తుంది.

అదే 1997లో అమెరికాలో ఒక సహాయ ఛాయాగ్రాహకుడు 19 గంటల షూటింగ్ ముగించుకుని కారులో ఇంటికి వెళుతూ నిద్రలోకి జారి మరణించాడు. ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ ఆ విషాదాన్ని ఆధారంగా చేసుకుని 2006లో ఒక డాక్యుమెంటరీ తీశారు. రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదు, ప్యాకప్‌కూ మరుసటి కాల్‌కూ మధ్య 12 గంటల విరామం ఉండాలి అని ఆయన పోరాడారు. ఇక దీర్ఘకాలపు హాని గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వెల్లడించిన లెక్క ఇది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం, గుండెజబ్బుతో మరణించే అవకాశం 17 శాతం ఎక్కువ.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల సమాఖ్య 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మె చేసినప్పుడు రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. ఆ వివాదంలో స్థానిక కార్మికుల నైపుణ్యం గురించి కూడా ప్రశ్నలు వచ్చాయి. వేతనం ఎంత ఉండాలో చెప్పడం నా పరిధి కాదు. కానీ నైపుణ్యం చాలదని అనేవారు, ఆ నైపుణ్యాన్ని ఎవరు, ఏ సమయంలో, ఎవరి ఖర్చుతో నేర్పుతున్నారో కూడా అడగాలి. రోజుకు నాలుగైదు గంటలు నిద్రపోయే మనిషికి కొత్త కెమెరా గురించి ఎంత చెప్పినా నిలవదు. నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. అదే సంవత్సరం ఎనిమిది గంటల పనివేళల గురించి దేశమంతా చర్చ జరిగింది. అది తారల కాల్షీట్ల దగ్గరే ఆగిపోయింది. తార కంటే రెండు గంటలు ముందు వచ్చి, రెండు గంటలు ఆలస్యంగా వెళ్లేవారి దాకా ఆ చర్చ రావాలి.

ఆచరణలో పెట్టదగిన కొన్ని మాటలు

ఇవి సినీరంగం వారికే గాక, ఐటీ ఆఫీసులోనో, బట్టల కొట్టులోనో నలుగురి చేత పని చేయించే ప్రతి ఒక్కరికీ వర్తిస్తాయి.

1. తప్పును పక్కకు పిలిచి చెప్పండి, మెప్పును నలుగురిలో చెప్పండి. "నీకు బుద్ధి లేదు" అనడం వేరు, "ఈ లైటు రెండడుగులు వెనక్కి ఉండాలి, ఎందుకంటే" అని చెప్పడం వేరు. మొదటి మాటలో నేర్చుకోదగినది ఏమీ లేదు.

2. రేపటి పని ఈ రోజే చెప్పండి. ఎన్నింటికి మొదలవుతుందో, సుమారుగా ఎన్నింటికి ముగుస్తుందో తెలిస్తే మనిషి తన భోజనాన్ని, మందులను, నిద్రను సర్దుకోగలడు. మధుమేహం ఉన్నవారికి ఇది ప్రాణావసరం.

3. రోజు మొదట్లో రెండు నిమిషాలు అందరినీ నిలబెట్టి, ఈ రోజు ప్రమాదం ఎక్కడ ఉండవచ్చునో అడగండి. అందరికంటే చిన్నవారిని ముందుగా మాట్లాడనివ్వండి. పెద్దవారు ముందు మాట్లాడితే చిన్నవారు దానికే తలూపుతారు.

4. ఎవరైనా "ఆపండి" అంటే ముందు ఆపండి, తరువాత విచారించండి. ఆ హెచ్చరిక అనవసరమైనదని తేలినా కృతజ్ఞత చెప్పండి.

5. ప్యాకప్ ఆలస్యమైతే మనుషులను వాహనంలో ఇంటికి చేర్చండి. రాత్రి పన్నెండు దాటాక బైకు మీద ఒంటరిగా పంపకండి.

6. నేర్చుకునేవారికి ఒక మాట. ఓర్చుకోవడం వేరు, అనారోగ్యాన్ని దాచుకోవడం వేరు. మూడు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, పనికి వెళ్లాలంటే ప్రతి ఉదయం కడుపులో తిప్పినా, ఏ పని మీదా ఆసక్తి లేకపోయినా వైద్యుడిని కలవండి. పని ఒత్తిడి వల్ల కలిగే ఈ నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల వర్గీకరణలో పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. అది సోమరితనం కాదు. మనసు బాగా కుంగినప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సిబ్బంది తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

7. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, హఠాత్తుగా మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే షాటు ముగిసేదాకా వేచి ఉండకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ ఏడింటిలో అయిదవది తప్ప మిగిలినవాటికి పెద్ద ఖర్చు లేదు. అయిదవదానికి అయ్యే ఖర్చు సినిమా వ్యయంలో లెక్కకు కూడా రాదు. కావలసినది పెద్దల నిర్ణయం. పని నేర్పే మనిషి తన శిష్యుడికి వృత్తితో పాటు మరొకటి కూడా అందిస్తాడు. రేపు తాను పెద్ద అయినప్పుడు కిందివారితో ఎలా మాట్లాడాలో ఆ శిష్యుడు ఈ రోజే, ఈయన దగ్గరే నేర్చుకుంటున్నాడు. ఒక సీనియర్ లైట్‌మన్ తన గొంతు తగ్గించుకుంటే దాని ఫలితం అతడి కింద ఉన్న నలుగురితో ఆగదు. ఆ నలుగురి దగ్గర చేరబోయే పదహారు మందికీ అది చేరుతుంది. కృష్ణానగర్ గదులలో అంత మంది రాత్రి హాయిగా నిద్రపోతే, మా వైద్యుల దగ్గరకు వచ్చే రోగులు కొందరు తగ్గుతారు. అందుకు సంతోషించే వైద్యులలో నేను ఒకడిని.